ఆటలో అరటిపండు కాకుండా: ఆటలకు దూరంగా ఉండే పిల్లల్ని గ్రౌండుకి తీసుకురావడం ఎలా

ఏ కాలనీలో చూసినా, ఏ ఊళ్లో చూసినా ఆడే పిల్లలు ఓ పదిమంది ఉంటారు. వాళ్ల కోసం మీరు ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు. గ్రౌండ్ లేకపోతే రోడ్డు మీద, బంతి లేకపోతే గుడ్డలు చుట్టి అయినా ఆడేస్తారు. ఇది మిగతావాళ్ల గురించి. గేమ్స్ పీరియడ్‌లో టీములు పంచుకుంటుంటే చివరిదాకా మిగిలిపోయినవాళ్లు, ఒక్క క్యాచ్ వదిలేసి ఏడాదంతా ఆ పేరు మోసినవాళ్లు, "సోడాబుడ్డి" అనో "బొండాం" అనో పిలిపించుకుని ఇంటిదారి పట్టినవాళ్లు. పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల మధ్య ఇలాంటివాళ్లు ఆడేవాళ్ల కన్నా ఎక్కువే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 146 దేశాల సమాచారంతో 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 11-17 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు రోజుకు గంటసేపు కూడా ఒళ్లు కదిలించడం లేదు. ఆడపిల్లల్లో ఆ లెక్క 85 శాతం.

మీరు ఆ కాలనీలో అన్నయ్యో అక్కయ్యో కావచ్చు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మెంబరు కావచ్చు, బళ్లో టీచరు కావచ్చు. వారానికి మూడు సాయంత్రాలు, కొంచెం ఓపిక ఉంటే చాలు. కోచ్ అయి ఉండక్కర్లేదు. కోచ్ కాకపోతేనే మేలని కూడా నా అభిప్రాయం. ఎంత మంచి కోచ్‌కైనా కన్ను బాగా ఆడేవాడి మీదికే పోతుంది.

ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా పద్ధతంతా దాన్నుంచే వస్తుంది. ఈ పిల్లల్లో చాలామందికి ఆటంటే అయిష్టం లేదు. ఆటలో వాళ్ల వంతు సరిగ్గా రాలేదు. వచ్చిన ఒకటి రెండుసార్లూ పదిమంది చూస్తుండగా పోయింది. కాబట్టి ముందు ఆటని మార్చండి. పిల్లలు తర్వాత నెమ్మదిగా మారతారు.

ముందు కారణం తెలుసుకోండి

"ఎందుకు ఆడవు?" అని అడిగితే "ఇంట్రెస్ట్ లేదు" అనే వస్తుంది. ఆ మాట పట్టించుకోకండి. "మీ బళ్లో ఏం ఆడించేవారు?", "మీ పీఈటీ సార్ ఎలా ఉండేవారు?" అని కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. ఒకడికి కళ్లద్దాలు పగులుతాయని భయం. ఇంకొకడికి షూ లేవు, చెప్పులతో వస్తే నవ్వుతారని బెంగ. ఒకమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆయాసం, ఇంట్లో "నువ్వు పరిగెత్తకు" అని పెంచారు. ఇంకొకడికి ఆట నియమాలే తెలియవు. పదిహేడేళ్లొచ్చాక షటిల్‌లో సర్వీస్ ఎలా చేయాలో అడగాలంటే సిగ్గు. అసలు గ్రౌండే లేని ఇంటర్ కాలేజీలో, నాలుగో అంతస్తు గదుల్లో రెండేళ్లు గడిపినవాడిని తప్పుపట్టడానికీ లేదు.

ఎవరి కారణం ఏమిటో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎందుకంటే దేని మందు దానికే ఉంది. షూ లేనివాడు ఉంటే మొదటి వారాలు అందరూ ఒట్టి కాళ్లతో ఆడే ఆట పెట్టండి. నియమాలు తెలియనివాడిని పావుగంట ముందే రమ్మని, ఎవరూ లేనప్పుడు నేర్పండి. కళ్లద్దాలవాడికి తల వెనక కట్టుకునే పట్టీ కొనిపించండి, మెత్తటి బంతితో ఆడించండి. ఆయాసం ఉన్న పిల్ల డాక్టర్ని ఒకసారి అడిగి రావాలి, ఇన్‌హేలర్ వాడుతుంటే అది సంచిలో ఉండాలి.

సింధు, సైనా, నిఖత్ జరీన్ కథలు చెప్పి ఉత్సాహపరచాలని మాత్రం చూడకండి. వాళ్ల మీద నాకు గౌరవం లేక కాదు. బాల్ చూస్తే తల వంచుకునే పిల్లాడికి ఆ కథల్లో వినిపించేది "తెల్లవారకముందే లేచి గంటలకొద్దీ ప్రాక్టీస్ చేయాలి" అనే ముక్క ఒక్కటే. "పొట్ట తగ్గుతుంది", "హైట్ పెరుగుతావు" అనే మాటలు ఇంకా చేటు. అప్పటికే ఒంటి గురించి సిగ్గుపడుతున్నవాళ్లకి అవి వెక్కిరింతలాగే వినిపిస్తాయి.

చోటు, వేళ

అందరి కళ్లూ పడే చోటు వద్దు. పెద్ద కుర్రాళ్ల క్రికెట్ జరిగే మైదానంలో ఓ మూల మొదలుపెడితే వారం తిరగకముందే మీ గుంపు చెదిరిపోతుంది. ప్రభుత్వ బడి ఆవరణ మంచిది. హెడ్మాస్టర్ని కలిసి, బడి వదిలాక ఏ రోజుల్లో ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా వాడుకుంటారో, గేటు తాళం ఎవరి బాధ్యతో రాసి ఇవ్వండి. నోటిమాట మీద మొదలైనవి మొదటి పగిలిన కిటికీతో ఆగిపోతాయి. తెలంగాణలో 2022 నుంచి చాలా గ్రామాల్లో క్రీడా ప్రాంగణాలు పెట్టారు. కొన్నిచోట్ల బోర్డు ఉంది, గడ్డి నడుమెత్తు పెరిగింది. మీ ఊళ్లో అలాంటిది ఉంటే పంచాయతీలో అడిగి ఒక ఆదివారం శుభ్రం చేసుకోండి. ఆ శుభ్రం చేసే పనికి ఈ పిల్లల్ని పిలవడం కూడా ఒక ఉపాయమే, దాని సంగతి కింద చెబుతాను. అపార్ట్‌మెంట్లలో అయితే కార్లు లేని డ్రైవ్‌వే చాలు. సెల్లార్‌లో స్తంభాలకి తలలు తగులుతాయి, టెర్రస్ జోలికి అసలే పోవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు నలభై దాటుతాయి. అప్పుడు పొద్దున్న ఆరు నుంచి ఏడున్నరలోపు, లేదా పొద్దు వాలాకే. మొదలుపెట్టడానికి జూన్, జూలై బాగుంటాయి, అది కుదరకపోతే దసరా సెలవులు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టకండి. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు మీద పడతాయి, మొలకెత్తినదంతా ఎండిపోతుంది.

ఒక్క గంటే ఆడించండి. ఇంకా ఆడాలని ఉండగానే ఆపేయండి. రోజులు మార్చకండి. మంగళ, గురు, శని అంటే మంగళ, గురు, శనే. వచ్చింది ఒక్కరే అయినా వాళ్లతో గంటా ఆడండి. "ఎవరూ రాలేదు, రేపు చూద్దాం" అన్న రోజు అక్కడిదాకా వచ్చిన ఆ ఒక్కరూ పోతారు.

ఏ ఆట పెట్టాలి

ఇక్కడ చాలామందికి కోపం రావచ్చు. క్రికెట్‌తో మొదలుపెట్టకండి.

గల్లీ మ్యాచ్ పది ఓవర్లు అనుకుందాం, అంటే అరవై బంతులు. ఓపెనింగ్ దిగిన ఇద్దరు, తర్వాత వచ్చిన ఒకడు కలిసి యాభై ఆడేస్తారు. తొమ్మిదో నంబరువాడికి బ్యాట్ అందితే అందినట్టు. అందాక మొదటి బంతికే వికెట్ ఎగిరితే అంతే సంగతులు. ఫీల్డింగ్‌లో వాడిని బౌండరీ దగ్గర నిలబెడతారు. అక్కడికి బంతి అరగంటకోసారి వస్తుంది, వచ్చినప్పుడు మాత్రం ఇరవై కళ్లూ వాడి మీదే. వాడు వదిలేస్తాడు. ఒంటికి పనీ లేదు, మనసుకి సుఖమూ లేదు. బాగా ఆడేవాళ్లకి ఇంతకు మించిన ఆట లేకపోవచ్చు. రానివాళ్లకి ఇంత శిక్ష మరో ఆటలో లేదు.

పిల్లలు క్రికెట్టే కావాలని పట్టుబడితే జంటల పద్ధతి పెట్టండి. ఇండోర్ క్రికెట్‌లో ఇది ఉన్నదే. టీముకు ఎనిమిదిమంది, నాలుగు జంటలు. ప్రతి జంటా నాలుగు ఓవర్లు ఆడుతుంది. ఔటైతే వెళ్లిపోవడం ఉండదు, టీము స్కోరులోంచి ఐదు పరుగులు పోతాయి, వాళ్లే ఆడుతూ ఉంటారు. ప్రతివాడూ రెండు ఓవర్లు వేయాలి. గంటలో ముగించాలంటే జంటకి రెండే ఓవర్లు, మనిషికి ఒక్క ఓవరు బౌలింగ్ పెట్టుకోండి. టెన్నిస్ బంతి, చేతి కిందుగా వేసే బౌలింగ్. మొదటిసారి బ్యాట్ పట్టినవాడికి ఔటైన తర్వాత కూడా ఆరేడు బంతులు మిగిలి ఉండటం అంటే ఏమిటో వాడి ముఖంలో చూడాల్సిందే.

ఇంతకీ ఏ ఆట సరైనదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. నోట్‌బుక్ పట్టుకుని పక్కన నిలబడండి. గుంపులో అందరికన్నా వెనకబడిన ఒకరిని ఎంచుకుని, పది నిమిషాల్లో బంతి వాళ్ల చేతికి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయండి. ఐదారు గీతలు కూడా పడకపోతే ఆ ఆట వాళ్లది కాదు. నియమం మార్చండి, లేదా ఆటే మార్చండి. నెలకోసారైనా ఈ లెక్క తీయండి. మన కంటికి "అందరూ బాగానే ఆడుతున్నారు" అనిపించేది గీతల్లో వేరేలా కనిపిస్తుంది.

ఈ పరీక్షలో మొదట పాసయ్యేది టెన్నికాయిట్, రబ్బరు రింగు ఆట. నెట్టుకి బదులు తాడు కట్టినా సరిపోతుంది. రింగు పట్టుకోవాలి, విసరాలి. రాకెట్ ఊపే నేర్పు అక్కర్లేదు, మీద పడితే దెబ్బ తగలదు. రింగు, తాడు కలిపినా ఖర్చు పెద్దగా ఉండదు. త్రోబాల్ కూడా ఇదే కోవలోది. బంతిని కొట్టకుండా పట్టుకుని విసరడమే కాబట్టి వాలీబాల్ రానివాళ్లకి దగ్గరి దారి. మన కాలేజీల్లో అమ్మాయిలు ఎక్కువగా ఆడేది కాబట్టి "ఆడవాళ్ల ఆట" అని అబ్బాయిలు మొదట మొహం చిట్లిస్తారు. ఒక్క గేమ్ ఆడించండి, ఆ మాట మళ్లీ రాదు.

ఖోఖో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పరుగు రానివాళ్లకి అది పనికిరాదని అనుకుంటాం. కానీ తరిమే పక్షంలో ఎనిమిదిమంది కూర్చుని ఉంటారు, ఒకరే తరుముతారు, అలసిపోగానే ఖో ఇచ్చి కూర్చోవచ్చు. నాలుగు క్షణాల పరుగు, అర నిమిషం విశ్రాంతి. దమ్ము తక్కువున్న పిల్లలకి ఇంతకన్నా నయమైన వ్యాయామం దొరకదు. చిక్కేమిటంటే చురుకైనవాళ్లు చురుకైనవాళ్లకే ఖో ఇచ్చుకుంటారు. అందుకని ఒక నియమం కలపండి: వరసలో ప్రతి ఒక్కరికీ ఒకసారి ఖో వచ్చేదాకా ఎవరికీ రెండోసారి ఇవ్వకూడదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగి మన మగ, ఆడ జట్లు రెండూ గెలిచాయి కాబట్టి "పాతకాలం ఆట" అనే వంక కూడా ఇప్పుడు చెల్లదు.

షటిల్ అందరికీ నచ్చుతుంది, కానీ ఆరుబయట గాలి ఆడనివ్వదు. గాలి లేని పొద్దుటి పూట, ఈకల షటిల్ కాకుండా నైలాన్‌ది వాడి, డబుల్స్ మాత్రమే ఆడించండి. సింగిల్స్‌లో రానివాడు అటూ ఇటూ పరిగెత్తి షటిల్ ఏరుకోవడమే అవుతుంది. వాలీబాల్ పెడితే నెట్ దించండి. మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. మీరు రెండు మీటర్లకి దించి, తేలికైన బంతి తీసుకుని, నేల మీద ఒకసారి పడినా ఆడొచ్చని చెప్పండి. సర్వీస్ ఎంత దగ్గర నుంచైనా వేయనివ్వండి. కబడ్డీ మొదటి నెల వద్దు. మీద పడి పట్టుకోవడమంటే వీళ్లలో చాలామందికి వణుకు. తర్వాత కావాలంటే పట్టు లేకుండా, తాకితే ఔట్ అనే పద్ధతిలో ఆడించొచ్చు.

ఏడు పెంకులాట, నేల-బండ లాంటివి చిన్నపిల్లల ఆటలని తోసేయకండి. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు కూడా ఏడు పెంకులాటకి ఎగబడటం మీరే చూస్తారు. వాటిలో ఎవరికీ "నాకు బాగా వచ్చు" అనే పేరు లేదు, కాబట్టి "నాకు రాదు" అనే సిగ్గూ లేదు.

ఎలా పిలవాలి

"ఆడుకుందాం రా" అంటే రారు. "ఫిట్‌నెస్‌కి మంచిది" అంటే అసలే రారు. అవసరం ఉన్నట్టు పిలవండి. "తమ్ముడూ, తాడు కట్టాలి, కాస్త ఆ చివర పట్టుకుంటావా?" "గడ్డి పీకుతున్నాం, నీ సైకిల్ మీద ఆ పార తెచ్చిపెడతావా?" "డబుల్స్‌కి ముగ్గురమే ఉన్నాం, పావుగంట నిలబడమ్మా." పని మీద వచ్చినవాళ్లు ఆటలోకి జారడం తేలిక. ఆటకని వచ్చి నిలబడటంలో ఉండే టెన్షన్ పనికని రావడంలో ఉండదు.

ఒక్కరిని పిలవకండి, ఇద్దర్ని పిలవండి. ఫోన్ గేములు కలిసి ఆడే జంటలు, ఒకే ట్యూషన్‌కి వెళ్లే జంటలు ఉంటాయి. ఇద్దరూ ఒకేసారి తప్పులు చేస్తే ఎవరికీ సిగ్గుండదు. వాట్సాప్ గ్రూపు పెడితే అందులో టైము, చోటు తప్ప ఏమీ ఉండకూడదు. ముఖ్యంగా గ్రౌండ్‌లో వీడియోలు తీయడం నిషేధం అని మొదటి రోజే చెప్పండి. కింద పడ్డ క్షణం రీల్ అవుతుందేమోనన్న భయంతో రాని పిల్లలు మీరు అనుకునేదానికన్నా ఎక్కువ.

మొదటి రోజు

స్కోరు వద్దు. విజిల్ వద్దు. ముందు గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు అనే పాత అలవాటు అసలే వద్దు. అది వేడెక్కించడం కన్నా ఎవడు వెనకబడ్డాడో అందరికీ చూపించడానికే పనికొస్తుంది. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి బంతి గానీ రింగు గానీ విసురుకోమనండి, మెల్లగా దూరం పెంచండి. ఒళ్లు అదే వేడెక్కుతుంది.

మూడు నిమిషాలు ఆట, ఒక నిమిషం విశ్రాంతి. గుండె దడదడలాడటం, ముఖం ఎర్రబడటం అలవాటు లేనివాళ్లకి భయం వేస్తుంది. "ఇది మామూలే, అందరికీ ఇలాగే ఉంటుంది" అని ముందే చెప్పండి. ఆడుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే నెమ్మదించమనండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం మాత్రం మామూలు కాదు, అప్పుడు ఆట ఆపించి ఇంట్లోవాళ్లకి చెప్పాలి. మంచినీళ్లు అందరికీ సరిపడా ఉండాలి. ఎండాకాలం మజ్జిగ.

ఆడలేనంటున్నవాడిని స్కోరు రాయమని కూర్చోబెట్టడం మంచితనంగానే మొదలవుతుంది. జాగ్రత్త, రెండో వారానికి వాడు పర్మనెంట్ స్కోరర్ అయిపోతాడు. మన భాషలో వాళ్లకి ఎప్పుడో పేరు ఉంది, ఆటలో అరటిపండు అని. స్కోరు పలక గేమ్ గేమ్‌కీ చేతులు మారాలి, బాగా ఆడేవాడి చేతికి కూడా.

టీములు వేయడం

ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరినే ఏరుకునే పద్ధతిని మీ గ్రౌండ్‌లోకి రానివ్వకండి. ఈ పిల్లల్లో సగం మంది గాయం అక్కడిదే.

దానికి మన పల్లెల్లోనే అందమైన విరుగుడు ఉంది. దాదాపు ఒకే స్థాయి ఆటగాళ్లు ఇద్దరిద్దరు జతకట్టి పక్కకెళ్లి రహస్యంగా పేర్లు పెట్టుకుంటారు. భుజాల మీద చేతులేసుకుని వచ్చి "ఏనుగు కావాలా, గుర్రం కావాలా?" అంటారు. కెప్టెన్ గుర్రం అంటాడు. గుర్రం ఎవరో అప్పటిదాకా వాడికి తెలియదు. ఎవరూ చివర్లో మిగలరు, ఎవరినీ వద్దనలేదు, పైగా టీములు సమానంగా వస్తాయి. ఎవరు ఎవరితో జతకట్టాలో మాత్రం మీరు మెల్లగా సర్దండి. ఈ తరం పిల్లలు ఏనుగు, గుర్రానికి బదులు బిర్యానీ, పులిహోర అని పెట్టుకుంటారు. అక్కడే సగం నవ్వులు అయిపోతాయి.

ప్రతి పావుగంటకీ టీములు కలిపేసి మళ్లీ వేయండి. ఓడిన టీము ఓడినట్టు ఇంటికి వెళ్లకూడదు, అంతలోపే అది టీముగా మిగలకూడదు.

బాగా ఆడేవాళ్ల సంగతి

మీ గుంపు కాస్త కుదురుకోగానే బాగా ఆడే కుర్రాళ్లు వాలిపోతారు. రావద్దని అంటే బాగోదు. వచ్చేవాళ్లకి షరతు పెట్టండి. కుడిచేతి వాటం వాళ్లు ఎడమచేత్తో ఆడాలి, స్మాష్ కొట్టకూడదు, ప్రతి ఒక్కరూ మరొకరికి ఏదో ఒకటి నేర్పాలి. ఇద్దరు ముగ్గురికన్నా ఎక్కువ మందిని ఒకేసారి రానివ్వకండి. నవ్వడం, పేర్లు పెట్టడం కనిపిస్తే అందరి ముందూ అరవకండి. ఆట అయ్యాక పక్కకి పిలిచి ఒకసారి చెప్పండి, రెండోసారి ఆ వారం రావద్దనండి. ఇందులో మొహమాటం పనికిరాదు. ఆ కుర్రాడికి ఆడుకోవడానికి వేరే పది చోట్లున్నాయి.

అమ్మాయిలు రావాలంటే

పదమూడు, పద్నాలుగేళ్లు రాగానే అమ్మాయిలు గ్రౌండ్ వదిలేస్తారు. వాళ్ల ఇష్టాయిష్టాల కన్నా చుట్టూ ఉన్న ఏర్పాట్లే దానికి కారణం. కాబట్టి ఏర్పాట్ల లెక్క చూడండి. దగ్గర్లో బయట తాళం వేసి ఉంచని బాత్రూమ్ ఉందా? పెద్దవాళ్లలో ఒక ఆడమనిషి గంటసేపూ అక్కడే ఉంటారా? చీకటి పడకముందే ఇంటికి చేరతారా, ముగ్గురు నలుగురు కలిసి వెళ్తారా? గోడ మీద కూర్చుని చూసే కుర్రాళ్లని లేపే బాధ్యత ఎవరిది? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే "మావాళ్లు పంపరు" అనే మాట సగం తగ్గుతుంది.

బట్టల గురించి మీరు ఏమీ చెప్పకండి. చుడీదార్‌లో ఆడతానంటే ఆడనివ్వండి, చున్నీ మాత్రం నడుముకి గట్టిగా కట్టుకోమనండి, లేకపోతే కాళ్లకి అడ్డం పడుతుంది. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, కారణం అడగకుండా సెలవు ఇవ్వడం మీ పని. మొదట్లో అమ్మాయిలకి విడిగా ఒక రోజు ఉంటే మంచిది. కలిపి ఆడించే సంగతి వాళ్లే ఎప్పుడో అడుగుతారు, అప్పుడు చూడొచ్చు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం

నాన్నగారు అడిగే మొదటి ప్రశ్న "చదువు పాడవదా?" అని. వాదన పెట్టుకోకండి. వారానికి మూడు గంటలు, ఇన్నింటికి మొదలు, ఇన్నింటికి ముగింపు, ఇంటికి చేరే టైము ఇదీ అని కాగితం మీద రాసి చూపించండి. ఆ టైము ఒక్కరోజు కూడా దాటనివ్వకండి. అంకుల్‌కి కావాల్సింది ఆ నమ్మకమే. 5-17 ఏళ్ల పిల్లలకి రోజుకు సగటున గంట వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ మాట కావాలంటే ఒకసారి అనండి, మళ్లీ మళ్లీ వద్దు. అమ్మల్ని ఒక శనివారం గ్రౌండ్‌కి పిలిచి రింగు చేతికివ్వండి. చిన్నప్పుడు బళ్లో టెన్నికాయిట్ ఆడినవాళ్లు వాళ్లలో కచ్చితంగా ఉంటారు.

పరీక్షల నెలల్లో ఆట పూర్తిగా ఆపేయకండి. మూడు రోజుల్ని ఒక రోజు చేయండి, గంటని అరగంట చేయండి. తీగ తెగకుండా ఉంటే ఏప్రిల్‌లో మళ్లీ అందుకోవచ్చు.

దెబ్బలు తగిలితే

చీలమండ మడతపడితే ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. తలకి దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ ఆడనివ్వొద్దు. వాంతులు, మత్తు, తలనొప్పి ఎక్కువవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి. ప్రతి పిల్లాడి ఇంటి ఫోన్ నంబర్ మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి.

రావడం మానేస్తే

మానేస్తారు. రెండుసార్లు వరసగా రాకపోతే ఆ రాత్రే ఒక చిన్న మెసేజ్ పెట్టండి. "ఎందుకు రాలేదు?" అని అడగొద్దు. "గురువారం ఏడు పెంకులాట, నీ టీములో ఒకరు తక్కువయ్యారు" అంటే చాలు. మళ్లీ వచ్చిన రోజు "అబ్బో, దారి తప్పి వచ్చావే!" అని ఎవరినీ అననివ్వకండి. సరదాగానే అంటారు, కానీ తిరిగి రావడానికి వాడు ఎంత ధైర్యం తెచ్చుకున్నాడో మనకి తెలియదు.

పోటీలు, ఆ తర్వాత

మొదటి మూడు నెలలు టోర్నమెంట్ మాటే ఎత్తకండి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన "ఆడుదాం ఆంధ్రా"లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు గ్రామ స్థాయి నుంచి పెట్టారు, తెలంగాణలో సీఎం కప్ పేరుతో పెట్టారు. ఆడేవాళ్లకి అలాంటివి మంచి అవకాశాలు. కానీ పోటీ అనగానే మీ గుంపులోకి పాత లెక్కలన్నీ తిరిగొస్తాయి. ఎవరు టీములో, ఎవరు బెంచి మీద అని మొదలవుతుంది. పక్క కాలనీలో మీలాగే మొదలుపెట్టిన గుంపు ఉంటే మాత్రం ఒక ఆదివారం పిలవండి. రెండు గుంపుల్నీ కలిపేసి, మళ్లీ ఏనుగు, గుర్రం పద్ధతిలో టీములు వేయండి.

ఒకరిద్దరికి నిజంగానే ఆట ఎక్కుతుంది. "అన్నా, సరిగ్గా నేర్చుకోవాలని ఉంది" అంటారు. ఎండాకాలంలో జిల్లా స్టేడియాల్లో, హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ మైదానాల్లో సమ్మర్ కోచింగ్ క్యాంపులు నడుస్తాయి. ఏ ఆటకి ఎక్కడ, ఏ వయసువాళ్లకో మార్చిలోనే జిల్లా క్రీడల ఆఫీసులో కనుక్కోండి. అక్కడ మళ్లీ కొత్త మొహాలు, విజిల్, గ్రౌండ్ చుట్టూ రౌండ్లు ఉంటాయి. అందుకని ఒంటరిగా పంపకండి, జంటగా పంపండి. మొదటి రోజు మీరూ వెంట వెళ్లి, వీళ్లు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారని కోచ్ చెవిన వేసి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి రండి.